ఉప్పునీటి ట్యాంకుకు యూవీ: వేళచ్చేరి ప్రాజెక్టు డైరీ

జనవరి మొదటి వారం

హైదరాబాద్‌కి బదిలీ అయిన స్నేహితుడు తన ట్యాంకును చేపలతో సహా నాకిచ్చి వెళ్లాడు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు. కింద సంప్, అంటే ఫిల్టరూ పంపులూ ఉండే రెండో తొట్టి. రాళ్లూ ఇసుకా ఆక్రమించిన చోటు తీసేసి, సంప్ నీళ్లు కలిపితే 300 లీటర్లు లెక్కకొస్తుంది. లోపల క్లౌన్‌ఫిష్ జత, ఒక బ్లూ టాంగ్, ఒక లాన్‌మోవర్ బ్లెన్నీ, ఒక క్లీనర్ ష్రింప్. కోరల్స్ లేవు, ఇకముందు పెట్టను కూడా. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, సీ హార్స్‌లకూ ఆ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా ఆ జోలికి పోకపోవడమే మంచిది.

చేపలతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఇచ్చేటప్పుడే చెప్పాడు: "టాంగ్ మీద అప్పుడప్పుడూ తెల్ల మచ్చలొస్తాయి, మేతలో వెల్లుల్లి రసం కలిపి పెట్టు, పోతాయి." నిజమే, పోతాయి. కానీ వెల్లుల్లి వల్ల కాదు.

దాని పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. ఉప్పునీటి చేపలవాళ్లు ముద్దుగా 'ఇక్' అంటారు. ఒకే కణం ఉన్న పరాన్నజీవి. చేప చర్మం పై పొర కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది. మనకు కనిపించే మచ్చ అదే. కడుపు నిండాక తనంతట తానే రాలిపోయి, ఇసుక మీదో రాయి మీదో అంటుకుని గట్టి పొర కట్టుకుంటుంది. ఆ సిస్టు లోపల ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఒక్కదాని నుంచి రెండు వందల దాకా పిల్లలు ఈదుకుంటూ బయటికొస్తాయి. వాటిని థెరాంట్లు అంటారు. మచ్చలు మాయమైన ఆ నాలుగు రోజుల్లోనే మనం వెల్లుల్లికి దండం పెట్టుకుంటాం.

క్లీనర్ ష్రింప్ ఉంటే తినేస్తుందని ఇంకో నమ్మకం. పురుగేమో చర్మం పొర కింద ఉంటుంది, ఇదేమో పైపైన గీకుతుంది.

మరి యూవీ పెడితే? అంటే నీటిని అతినీలలోహిత కాంతి ముందు నుంచి పంపి, అందులో తేలే క్రిముల్ని చంపే దీపం. ఈ డైరీ అందుకోసమే.

జనవరి, పండక్కి నెల్లూరు వెళ్లినప్పుడు

మా బావ కోట అనే ఊరి దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. యూవీ గురించి పుస్తకాల కంటే ఆయన్ని అడగడమే నయమనిపించింది.

"మా దగ్గర సముద్రం నీళ్లు ఇసుక ఫిల్టరు దాటి, కార్ట్రిడ్జి దాటి, యూవీ దాటి, అప్పుడు ట్యాంకులో పడతాయి. ఒక్కసారే. దాటని చుక్క లోపలికి రాదు" అన్నాడు బావ. "నీ దగ్గర రోగం లోపలే పుడతా ఉంది గదా. లోపలున్న నీళ్లనే తిప్పి తిప్పి పంపిస్తావు. రెండూ ఒకటి ఎట్లా అవుతాయి?"

"అయితే నాకు పనికిరాదంటావా బావా?"

"పనికొస్తుంది. ఎంత అనేది లెక్కేసుకో."

1910లో ఫ్రాన్సులోని మార్సేల్‌లో తాగునీటికి యూవీ వాడినప్పుడు కూడా ఇదే పద్ధతి: ఇటు మురికి నీరు, అటు శుద్ధి చేసిన నీరు, మధ్యలో దీపం. ఆక్వేరియంలో ఆ 'ఇటు', 'అటు' రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. యూవీ నెల్లూరు హైవే మీద టోల్‌గేటు లాంటిది. ఆ దారిన వచ్చిన బండిని ఆపుతుంది, ఊళ్లో తిరిగే బండి సంగతి దానికి తెలియదు. చేప ఒంటి మీదున్న పురుగుకీ, ఇసుకలో సిస్టుకీ యూవీతో పనే లేదు. దానికి దొరికేది ఈదే థెరాంటు ఒక్కటే, అది కూడా పంపు లోపలికి వస్తేనే.

బావ వేసుకోమన్న లెక్క ఆ రాత్రే వేశాను. 300 లీటర్ల ట్యాంకు, గంటకు 300 లీటర్లు యూవీ గుండా పంపితే గంటలో నీళ్లన్నీ ఒకసారి దాటాయని అనిపిస్తుంది. అలా జరగదు. దాటిన నీరు తిరిగొచ్చి దాటని నీటిలో కలుస్తుంది, పంపు మళ్లీ ఆ కలగలుపునే లాగుతుంది. గంట తర్వాత కూడా ఒక్కసారీ యూవీ దాటని నీరు 37 శాతం ఉంటుంది. రెండు గంటలకు 13, 14 శాతం. మూడు గంటలకు 5. ప్రవాహం రెట్టింపు చేసి గంటకు 600 లీటర్లు పంపితే ఈ సమయాలన్నీ సగమవుతాయి.

థెరాంటుకి ఉన్న గడువు తక్కువే. పుట్టిన కొన్ని గంటలకే అంటుకునే శక్తి బాగా తగ్గిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తుంది. కాబట్టి ఈ పోటీలో యూవీకి అవకాశం లేకపోలేదు. చిక్కల్లా టాంగ్ నిద్రపోయే చోటుతో. రోజూ అదే రాతి సందులో పడుకుంటుంది. దాని ఒంటి నుంచి రాలిన సిస్టులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. థెరాంట్లు ఎక్కువగా బయటికొచ్చేది చీకట్లో, తెల్లవారుజామున. అంటే పుట్టీ పుట్టగానే ఎదురుగా భోజనం. పంపు దాకా వెళ్లాల్సిన అవసరం వాటికేముంది?

జనవరి చివర: ఏ యూనిట్, ఎంత వేగం

25 వాట్ల ఇన్‌లైన్ యూనిట్ తీసుకున్నాను. నల్లటి గొట్టం, లోపల క్వార్ట్జ్ స్లీవ్, స్లీవ్‌లో ల్యాంపు, స్లీవ్‌కీ గొట్టానికీ మధ్య నీరు. మామూలు గాజు యూవీ-సీని, అంటే క్రిముల్ని చంపే రకం యూవీ కాంతిని, ఆపేస్తుంది, అందుకే క్వార్ట్జ్. ల్యాంపు నుంచి వచ్చేది ముఖ్యంగా 254 నానోమీటర్ల కాంతి. అది కణంలోని డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్లను ఒకదానికొకటి అతికించేస్తుంది. ఆ తర్వాత కణం తనను తాను కాపీ చేసుకోలేదు.

దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందనేది కాంతి తీవ్రతనీ, నీరు దాని ముందు ఎంతసేపు ఉంటుందనేదాన్నీ బట్టి ఉంటుంది. దీన్ని చదరపు సెంటీమీటరుకు మైక్రోవాట్-సెకన్లలో లెక్కిస్తారు. నీటిని పచ్చగా చేసే ఆల్గేకీ, బ్యాక్టీరియాకీ కొన్ని పదివేలు చాలు. థెరాంటు వాటికంటే చాలా పెద్దది, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది. దానికి చెప్పే అంకెలు తయారీదారుల చార్టుల్లో 90 వేల దగ్గర మొదలై, చేపల వైద్యం రాసేవాళ్ల దగ్గరికొచ్చేసరికి కొన్ని లక్షలకు చేరతాయి. ఇంత తేడా ఉన్నప్పుడు నేను పై అంకెనే నమ్ముతాను. అమ్మేవాళ్లకి కింది అంకె ఎందుకు ఇష్టమో చెప్పక్కర్లేదు.

కాబట్టి పెట్టె మీద 'వెయ్యి లీటర్ల ట్యాంకు వరకు' అని ఉన్నది చూడకూడదు. చూడాల్సింది ఏ వేగానికి ఎంత డోసు అన్న చార్టు. నా యూనిట్ చార్టులో ఆల్గేకి గంటకు 2000 లీటర్లు, ప్రోటోజోవాకి (ఇక్ లాంటి ఏకకణ జీవులకి) గంటకు 700 లీటర్లు అని ఉంది. ఒకే యూనిట్, రెండు వేర్వేరు పనులు. మధ్యే మార్గంగా 1200 పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. అప్పుడు థెరాంటుకి డోసు చాలదు, ఆల్గేకేమో అంత నిదానం అక్కర్లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను 600 దగ్గర ఆగాను: ప్రతి దాటుకీ డోసు సరిపోతుంది, గంటకు రెండు చుట్లూ వస్తాయి.

ఫిబ్రవరి: బిగింపు

ఫిట్టింగులు చెన్నై ప్యారిస్ కార్నర్‌లో కొన్నాను, టైమరు రిచీ స్ట్రీట్‌లో. ఇక్కడ ఓపికగా రాస్తాను, ఎందుకంటే యూవీ పనిచేయట్లేదని చెప్పే చాలా ఇళ్లలో అసలు కథ పైపుల్లోనే ఉంటుంది.

యూవీకి సొంత పంపు పెట్టాను. సంప్ నీటిని పైకి పంపే రిటర్న్ పంపు లైను నుంచి టీ జాయింటు వేసి తీసుకుంటే ఫిల్టరు సాక్ (చెత్త పట్టే గుడ్డ సంచి) నిండినప్పుడల్లా వేగం మారిపోతుంది. ఆ పంపుని సంప్ మొదటి గదిలో, సాక్ తర్వాత ఉంచాను. డిస్‌ప్లే నుంచి, అంటే పైన చేపలుండే ట్యాంకు నుంచి, దిగిన నీరు ముందు అక్కడికే వస్తుంది. యూవీ దాటిన నీటిని సంప్‌లోకి కాకుండా పైన డిస్‌ప్లేలోకే పంపాను. సంప్‌లోకే తిరిగి వదిలితే పంపు తను శుభ్రం చేసిన నీటినే మళ్లీ లాగుతూ కూర్చుంటుంది, పైనున్న థెరాంట్లకు దానితో పరిచయమే ఉండదు.

యూనిట్‌ని అడ్డంగా, రెండు నోళ్లూ పైకి ఉండేలా క్యాబినెట్ గోడకు బిగించాను. నోళ్లు కిందికి ఉంటే పైభాగంలో గాలి నిలిచిపోతుంది, అక్కడ స్లీవ్ వేడెక్కుతుంది. రెండు వైపులా విప్పి బిగించుకునే యూనియన్లు వేశాను, శుభ్రం చేయాలంటే పైపు కోయక్కర్లేదు. వాల్వు యూవీ తర్వాతే ఉండాలి, అప్పుడే గొట్టం ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

పంపు పెట్టె మీద గంటకు 1800 లీటర్లని ఉంది. నాలుగున్నర అడుగులు పైకి ఎక్కి, మోచేతులన్నీ తిరిగి వచ్చేసరికి ఎంత మిగులుతుందో పెట్టె చెప్పదు. పది లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. వాల్వు పూర్తిగా తెరిస్తే 32 సెకన్లలో నిండింది, అంటే గంటకు 1125. బకెట్ నిండడానికి సరిగ్గా నిమిషం పట్టేదాకా వాల్వు బిగించాను. 600 వచ్చింది. పెయింటుతో ఆ గుర్తు పెట్టాను.

కరెంటు విషయం. ల్యాంపూ పంపూ ఒకే స్విచ్ మీద ఉండాలి. పంపు ఆగి ల్యాంపు వెలుగుతూ ఉంటే గొట్టంలో ఇరుక్కున్న నీరు వేడెక్కుతూ పోతుంది. లైనులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి, ఉప్పునీటితో ఆటలొద్దు. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు దిగి పైకి వెళ్లాలి, చుక్క జారినా ప్లగ్గులోకి పోకుండా. ఇంకొక మాట: ల్యాంపు వెలుగుతుండగా యూనిట్ విప్పకూడదు, ఒక్క క్షణం చూసినా కళ్లు మండి నీళ్లు కారతాయి. ఆ మంట వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది, అప్పటికి కారణం కూడా మర్చిపోతాం. నోటి దగ్గర కనిపించే నీలి వెలుగు ప్రమాదం లేనిదే. అది ల్యాంపు వెలుగుతోందని చెబుతుంది తప్ప యూవీ-సీ ఎంత వస్తోందో చెప్పదు.

"ఆ నీలం లైటేంట్రా, దోమల బ్యాటా?" అని అమ్మ అడిగింది. వివరించాను. "అయితే దోమలక్కూడా పెట్టు" అంది.

ఫిబ్రవరి రెండో సగం

నీళ్లు మెరుస్తున్నాయి. ఇది నిస్సందేహంగా యూవీ పనే. పక్క నుంచి నాలుగు అడుగుల పొడవునా చూస్తే ఇంతకు ముందుండే మసక లేదు. నీటి రంగును పీల్చే కార్బన్ కూడా వేశాను, అలంకారానికి కాదు. పాతబడ్డ నీటిలోని పసుపు రంగు యూవీ-సీని మింగేస్తుంది, డోసు తగ్గిపోతుంది.

ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోదా అని స్నేహితుడు ఫోన్‌లో అడిగాడు. అమ్మోనియాని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాళ్లకూ ఇసుకకూ అంటుకుని బతుకుతుంది, నీటిలో తేలుతూ కాదు. సీసా బ్యాక్టీరియా కొత్తగా పోసినప్పుడు మాత్రం కొన్ని రోజులు యూవీ ఆపాలి.

టాంగ్‌ని ప్రతి ఉదయం లైట్లు వెలగకముందే టార్చితో ఫోటో తీస్తున్నాను. యూవీ పెట్టకముందు మచ్చలు అలలుగా వచ్చేవి, ప్రతి అలా ముందు దానికంటే చిక్కగా. ఇప్పుడూ అలలు ఉన్నాయి, కానీ పలుచన. లెక్కపెట్టగలిగేంత. ఇది యూవీ వల్లేనని గట్టిగా అనలేను, ఎందుకంటే అదే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్ సర్వీసు చేయించాను, మేత కూడా మార్చాను. మచ్చలు సున్నా మాత్రం ఎప్పుడూ కాలేదు.

మార్చి: వేడి

చెన్నైలో మార్చికే ఫ్యాను సరిపోదు. 25 వాట్ల ల్యాంపు తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడి ఎక్కడికీ పోకుండా 300 లీటర్లలోనే ఉండిపోతే రోజుకు ఒకటిన్నర డిగ్రీ పైనే పెరగాలి. గాజు నుంచీ నీటి ఉపరితలం నుంచీ చాలావరకు పోతుంది కాబట్టి అంత పెరగదు. ఫిబ్రవరి చల్లదనంలో చిల్లర్ ఆపి చూసినప్పుడు యూవీ ఉన్న రాత్రికీ లేని రాత్రికీ అర డిగ్రీ తేడా ఉండేది. ఇప్పుడు ఆ అర డిగ్రీని చిల్లర్ కష్టపడి తీసేస్తోంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, పురుగు జీవితచక్రం మాత్రం వేగం పుంజుకుంటుంది. దెబ్బ రెండు వైపులా.

యూవీకి నెలకు 18 యూనిట్లు. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది కాబట్టి 36. విడిగా చూస్తే పెద్దదేమీ కాదు, చిల్లర్ కలిస్తే శ్లాబు మారిపోతుంది.

అందుకని టైమరు పెట్టాను: రాత్రి పది నుంచి ఉదయం పది వరకు. థెరాంట్లు బయటికొచ్చే వేళ అదే. మధ్యాహ్నం, గది బాగా కాగే సమయానికి ల్యాంపు ఆగి ఉంటుంది. పంపుని కూడా దానితో పాటే ఆపుతున్నాను, గొట్టం మూతబడి ఉన్నా నీరు పన్నెండు గంటల్లో పెద్దగా చెడదు. రోజంతా వెలిగించాలనే వాళ్ల వాదన నాకు తెలుసు. ఈ ఊళ్లో ఈ ఎండకు నాకు ఇదే సరైన బేరం అనిపిస్తోంది.

మార్చి చివర

మధ్యాహ్నం కరెంటు పోయి సాయంత్రానికి గానీ రాలేదు. ఇన్వర్టరు మీద గాలి పంపు నడిచింది, చిల్లర్ నడవదు. నీరు 29 దాటింది. ఆ తర్వాతి అల గట్టిగా వచ్చింది. టాంగ్ రెండు పక్కలా మచ్చలు, రాయికి ఒళ్లు రుద్దుకోవడం, మొప్పలు వేగంగా ఆడడం.

ముందు చూసింది వెల్వెట్ కాదు కదా అని. అమిలోఓడినియం అనే ఆ రెండో పరాన్నజీవి అయితే మచ్చలు ఉప్పు రవ్వల్లా ఉండవు, ఒంటి మీద సన్నటి బంగారు రంగు పొడిలా ఉంటుంది, రోజుల్లోనే ట్యాంకు ఖాళీ చేస్తుంది. ఇది ఇక్కే.

ఇక్కడ నా అభిప్రాయం తేలిపోయింది. యూవీ థెరాంట్ల సంఖ్యని తగ్గించి ఉంచుతుంది, చేపకి కొంత ఊపిరి దొరుకుతుంది, బహుశా కొంత రోగనిరోధక శక్తి కూడా వస్తుంది. ఏ చిన్న ఒత్తిడి వచ్చినా తూకం ఒరిగిపోతుంది. ఇలా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. టాంగ్‌ని చూస్తూ నెలకోసారి టెన్షన్ పడడం నా వల్ల కాదు. రోగాన్ని ట్యాంకు నుంచే తీసేయాలి, దానికి యూవీ సరైన పనిముట్టు కాదు.

ఏప్రిల్: చేపలు టబ్బుల్లోకి

రాగి మందు ఒక దారి. రొయ్యకు విషం, డోసు రోజూ కొలవాలి. పైగా చీలేటెడ్ రాగి (వేరే అణువుతో కట్టిపడేసిన రాగి) వాడే ట్యాంకులో యూవీ నడపకూడదు, బంధం తెగి రాగి ఒక్కసారిగా విడుదలయ్యే ప్రమాదం ఉంది. నేను రెండో దారి పట్టాను, ట్యాంకు మార్పిడి.

సూత్రం తేలిక. రాలిన పురుగు సిస్టు కట్టి పిల్లల్ని వదలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. అంతకు ముందే, అంటే ప్రతి 72 గంటలకూ, చేపల్ని పూర్తిగా కొత్త నీళ్లున్న కొత్త టబ్బులోకి మారుస్తే రాలినవన్నీ పాత టబ్బులోనే మిగిలిపోతాయి. అలా నాలుగుసార్లు మారిస్తే చేప మీద ఏమీ ఉండదు. టబ్బునీ గాలి రాయినీ పైపునీ కడిగి పూర్తిగా ఎండబెట్టాలి. ఎండబెట్టే విషయంలో మాత్రం చెన్నైకి సాటి లేదు, మేడ మీద పెడితే పని ముగిసినట్టే.

నీళ్లే కష్టం. మా బోరు నీళ్ల టీడీఎస్ వెయ్యి పైన ఉంటుంది, ఆర్ఓ, డీఐ ఫిల్టర్లు దాటి సున్నా అయ్యాక ఉప్పు కలిపి సాంద్రత 1.025కి తేవాలి. ప్రతి మార్పిడికీ నలభై లీటర్లు ముందు రోజే కలిపి, వేడి సరిచూసి ఉంచాను. టబ్బులో ఫిల్టరు ఉండదు కాబట్టి అమ్మోనియా టెస్టు కిట్ పక్కనే. టాంగ్‌ని వలతో పట్టను, దాని తోక దగ్గరి ముల్లు వలలో చిక్కుకుంటుంది. ప్లాస్టిక్ గిన్నెతో పట్టుకుంటాను.

మే, జూన్

మార్పిడులు అయ్యాక చేపలు పడకగదిలో ఏసీ కింద వేరే ట్యాంకులో ఉన్నాయి. పెద్ద ట్యాంకులో రొయ్య ఒక్కటే. చేప లేకపోతే ఇక్‌కి తిండి లేదు. కానీ సిస్టులన్నీ ఒకేసారి తెరుచుకోవు, 72 రోజుల దాకా ఆగి తెరుచుకున్నవి పరిశోధనల్లో కనిపించాయి. అందుకే 76 రోజులు ఖాళీగా ఉంచడం ఆనవాయితీ. మధ్యలో చేప ముక్క కూడా వేయకూడదు, ఈ ట్యాంకులో ముంచిన చెయ్యి ఆ ట్యాంకులో పెట్టకూడదు.

ఈ కాలమంతా యూవీ ఆపేశాను. ఆకలితో చచ్చేవాటికి దీపం దండగ. కత్తిరి ఎండల్లో చిల్లర్ని కూడా 28 మీద పెట్టాను, రొయ్యకి అది ఇబ్బంది కాదు, సిస్టులు త్వరగా తెరుచుకుంటే మనకే మంచిది.

ఖాళీ దొరికింది కదా అని స్లీవ్ తీశాను. నాలుగు నెలలు కాకుండానే తెల్లటి పొర, మధ్యలో గోధుమ రంగు జిగట. క్వార్ట్జ్ కనిపించడం లేదంటే కాంతి కూడా నీటిని చేరడం లేదని అర్థం. వెనిగర్‌లో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిచాను, గీత పడే పీచు వాడకూడదు. ఓ-రింగుకి సిలికాన్ గ్రీజు రాశాను. యూనిట్ నోటికి తగిలించిన మెత్తటి పైపు లోపలి అంచు అప్పుడే పెళుసుగా మారింది, యూవీ దెబ్బ. అక్కడ గట్టి పీవీసీ ముక్క వేసి, పైపుని అవతలికి జరిపాను.

జూన్ చివర

చేపలు తిరిగి వచ్చాయి, టాంగ్ తప్ప. నాలుగు అడుగుల్లో దాన్ని ఉంచడం సరికాదు. అన్నానగర్‌లో ఎనిమిది అడుగుల ట్యాంకు ఉన్న ఒకాయనకు ఇచ్చాను. ఆయన కూడా ముందు క్వారంటైన్‌లో పెడతానన్నాకే.

యూవీ మళ్లీ వెలిగించాను, కానీ పని మార్చాను. ఇప్పుడు అందులో ఇక్ లేదు, కొత్త చేప ఏదైనా టబ్బుల గుండానే వస్తుంది. దీపం నుంచి నాకిక కావాల్సింది తేట నీరు, బ్యాక్టీరియా అదుపు. దానికి నిదానం అక్కర్లేదు. వాల్వు పూర్తిగా తెరిచాను, బకెట్ మళ్లీ 32 సెకన్లలో నిండుతోంది. పాత పెయింటు గుర్తు పక్కన కొత్తది పెట్టాను, ఎప్పుడైనా అవసరమైతే వెనక్కి తిప్పడానికి.

ల్యాంపు ఆయువు సుమారు తొమ్మిది వేల గంటలంటారు. రోజుకు సగమే వెలుగుతోంది గానీ, రోజూ ఆన్-ఆఫ్ అవడం కూడా అరుగుదలే. ఏడాదిన్నరకి మార్చాలని ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. స్లీవ్‌కి మాత్రం ప్రతి రెండో నెలా, కరెంటు బిల్లు కట్టే రోజే.